జపాన్‌లో స్కీ కొండల పక్కన ర్యోకాన్: శాకాహారి అత్తగారితో వెళ్లొచ్చా?

వర్తూరు_వాసి:
అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో జపాన్ ఖాయం చేసుకున్నాం. బెంగళూరు నుంచి టోక్యో నరితా ఎయిర్‌పోర్టుకి జాల్ (జపాన్ ఎయిర్‌లైన్స్) డైరెక్ట్ ఫ్లైట్ ఉంది కాబట్టి పెద్దవాళ్లతో మధ్యలో దిగి ఎక్కే గోల లేదు. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల బాబు, విజయవాడ నుంచి వచ్చే అత్తగారు, మామగారు. నాకూ బాబుకీ స్కీయింగ్ నేర్చుకోవాలని, మా ఆవిడకి మంచు చూస్తే చాలు, మామగారికి మాత్రం వేడినీటి ఊటలో కూర్చుంటే మోకాళ్ల నొప్పి తగ్గుతుందని గట్టి నమ్మకం. అందుకే స్కీ చేసే చోటే ఒన్సెన్ (వేడినీటి ఊట స్నానం) ఉన్న ర్యోకాన్, అంటే జపాన్ పాతకాలపు సత్రంలాంటి హోటల్, చూస్తున్నాను, నొజావా ఒన్సెన్, జావో ఒన్సెన్ అని రెండు ఊళ్ల దగ్గర ఆగాను.

డౌట్లు ఇవి. సైట్లో చూపించే రేటు రూముకా, మనిషికా? అత్తగారు గుడ్డు కూడా ముట్టరు, అక్కడ ఏం తింటారు? మామగారు నేల మీద కూర్చుంటే లేవలేరు, పరుపు కూడా నేల మీదే వేస్తారట కదా. ఇక స్నానానికి బట్టల్లేకుండా దిగాలన్న సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు, ఎలా చెప్పాలో కూడా తెలియట్లేదు.

హెచ్ఎస్ఆర్_శ్రీను:
రేటు మనిషికి అండి, రూముకి కాదు. మామూలుగా రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి ఉంటుంది, దాని మీద మనిషికి 150 యెన్‌ల దాకా స్నానపు పన్ను విడిగా వేస్తారు. పిల్లలకి తక్కువ, కానీ తిండి, పరుపు కావాలా వద్దా అన్నదాన్ని బట్టి రేటు మారుతుంది. ఐదుగురికి లెక్కేస్తే కళ్లు తిరుగుతాయి, అది ముందే చెప్తున్నా.

నొజావా అయితే టోక్యో నుంచి షిన్‌కాన్‌సెన్ అనే బుల్లెట్ ట్రైన్‌లో ఇయామా స్టేషన్, రెండు గంటల లోపే, అక్కడి నుంచి బస్సులో ఓ 25 నిమిషాలు. ఊళ్లో 13 ఉమ్మడి స్నానశాలలు ఉన్నాయి, ఊరివాళ్లే శుభ్రం చేసుకుంటూ నడుపుతారు, డబ్బులు అడగరు, బయట పెట్టెలో తోచింది వేసి రావడమే. నీళ్లు మాత్రం పొగలు కక్కుతుంటాయి, మనవాళ్లు కాలు పెట్టి వెనక్కి తీసేంత వేడి. ఒగామా అని ఇంకో మడుగు ఉంది, దాదాపు 90 డిగ్రీలు, ఊరి ఆడవాళ్లు అందులో ఆకుకూరలు, గుడ్లు ఉడకబెట్టుకుంటారు, మనల్ని లోపలికి రానివ్వరు, కంచె బయట నుంచి చూడాల్సిందే. కానీ ఊరంతా ఏటవాలు, ఫిబ్రవరిలో దారులు గడ్డకట్టి ఉంటాయి, మోకాళ్లు బాగాలేని మనిషిని అక్కడ సాయంత్రం నడిపించాలంటే నాకైతే టెన్షనే.

పెద్దవాళ్ల కోసమైతే నా ఓటు జావోకి. యమగతా దాకా షిన్‌కాన్‌సెన్, ఆపైన ఓ 40 నిమిషాల బస్సు. స్కీ రానివాళ్లు కూడా రోప్‌వే ఎక్కి 1,661 మీటర్ల ఎత్తుకి వెళ్లొచ్చు, అక్కడ జుహ్యో అని మంచు కప్పేసిన ఫర్ చెట్లు రాక్షసుల్లా నిలబడి ఉంటాయి. సైబీరియా గాలి జపాన్ సముద్రం మీదుగా తేమ తెచ్చి చెట్లకి కొడుతుంది, తగిలిన నీటి బిందువు తగిలినట్టే గడ్డ కడుతుంది. ఫిబ్రవరి దానికి సరైన టైమ్. పైభాగంలో పురుగు పట్టి చాలా చెట్లు చచ్చిపోయాయి కాబట్టి పాత ఫొటోల్లో ఉన్నంత దట్టంగా ఉంటాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. యాడ్లలో కనిపించే పెద్ద బహిరంగ స్నానం కూడా చలికాలంలో మూసేస్తారు, దాని కోసం జావో అనుకుంటే మానుకోండి.

స్కీ నేర్చుకోవడానికి ఇంగ్లీషులో చెప్పేవాళ్లు నొజావాలో, హకుబా అనే ఇంకో స్కీ ఊళ్లో సులువుగా దొరుకుతారు, జావోలో అయితే ముందే మాట్లాడి పెట్టుకోండి.

పాత_మదరాసీ:
చెన్నై నుంచి రాస్తున్నా, కాస్త కటువుగానే చెప్తా, ఏమనుకోవద్దు. శుద్ధ శాకాహారికి ర్యోకాన్ భోజనం దండగ. మీరు కట్టే డబ్బులో పెద్ద భాగం ఆ పన్నెండు చిన్న గిన్నెల భోజనానికే, అందులో సగం చేప. చేప కనిపించని గిన్నెలో కూడా దాషి ఉంటుంది, ఎండబెట్టిన బోనిటో చేప కాచిన రసం, పప్పుచారులాంటి మిసో సూప్ నుంచి ఉడికించిన ముల్లంగి దాకా అన్నిటికీ అదే ఆధారం. వాళ్ల దృష్టిలో అది మాంసం కిందకే రాదు, అందుకే "వెజ్" అంటే నవ్వుతూ తలూపి అదే తెచ్చి పెడతారు. భోజనం లేకుండా రూము మాత్రమే ఇచ్చే ప్లాన్ తీసుకోండి, లేదా మిన్షుకు అని కుటుంబాలు నడిపే చిన్న బసలో దిగండి, చవక కూడా. రూములో కెటిల్ ఉంటుంది, ఎంటీఆర్ ఉప్మా కప్పులు, కందిపొడి, ఆవకాయ పట్టుకెళ్లండి. చికెన్ పచ్చడి, మాంసం ఉన్న ప్యాకెట్లు జపాన్‌లోకి రానివ్వరు, అవి పెట్టకండి, పచ్చి కరివేపాకు, పళ్లు కూడా వద్దు.

బెళ్లందూరు_అక్క:
పాత మదరాసీ గారు చెప్పింది నిజమే కానీ ఒక్క రాత్రయినా భోజనంతో ఉండకపోతే ర్యోకాన్‌కి వెళ్లి ఏం లాభం? వారాల ముందే రాసి అడిగితే చేపలేని వంట చేసిపెట్టేవాళ్లు ఉన్నారు, కుదరదంటే మొహమాటం లేకుండా చెప్పేస్తారు. ఒక రాత్రి అలా, మిగతావి రూము మాత్రమే, నేనైతే అలాగే చేస్తా. భోజనం ఉన్న రోజు స్కీ ముగించుకుని సాయంత్రం ఐదింటికల్లా చేరండి, ఆరు ఆరున్నరకి వడ్డన మొదలుపెడతారు, లేటయితే మీ కోసం ఆగదు.

స్నానం గురించి టెన్షన్ పడకు తమ్ముడూ. ఆడవాళ్లకి, మగవాళ్లకి వేర్వేరు. లోపల చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లు శుభ్రంగా కడుక్కున్నాకే నీళ్లలో దిగాలి, జుట్టు ముడేసుకోవాలి, చేతి తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకుంటారు. ఎవరూ ఎవరినీ చూడరు, రాత్రి పదిన్నర దాటితే చాలా చోట్ల ఖాళీగానే ఉంటుంది. అప్పటికీ అత్తగారు ససేమిరా అంటే కాషికిరి అని ఓ గంట లోపు మన కుటుంబానికే ఇచ్చే స్నానపు గది ఉంటుంది, కొన్ని చోట్ల ఫ్రీ, కొన్ని చోట్ల డబ్బులు.

ఇంకో రెండు సంగతులు ఎవరూ చెప్పరు. మీ అత్తగారి చేతి మీద పచ్చబొట్టు ఉందా? మన పెద్దవాళ్లలో చాలామందికి ఉంటుంది. అక్కడ టాటూ ఉన్నవాళ్లని కొన్ని స్నానశాలల్లోకి రానివ్వరు, చిన్నదైతే ఒంటి రంగు స్టిక్కర్ అంటించి కప్పితే సరిపోతుంది, బుక్ చేసేటప్పుడే అడిగేయండి. రెండోది మట్టెలు. జావోలో గంధకం నీళ్లు, పైగా బాగా ఆమ్లం, వెండి తగిలిందంటే నల్లబడుతుంది. తీయనంటే తీయరు కదా మన వాళ్లు, ఇంటికొచ్చాక విభూతితో తోమితే మళ్లీ తెల్లబడతాయి, ముందు చెప్తే చాలు, లేకపోతే అక్కడ అపశకునం అని కూర్చుంటారు. ఆ నీళ్లు కళ్లలో పడితే మంట కూడా, బాబుని చూసుకో.

మామగారికి బీపీ ఉంటే డాక్టర్‌ని అడక్కుండా దించొద్దు. అడిగాక కూడా ఐదేసి నిమిషాలు, నెమ్మదిగా లేవాలి, మద్యం తాగాక అస్సలు వద్దు.

వర్తూరు_వాసి:
పచ్చబొట్టు ఉంది అక్కా! మోచేతి కింద, మామగారి పేరు. మట్టెల సంగతి మా ఆవిడే చెప్తానంది, నేను తప్పించుకున్నా. జావోకే మొగ్గుతున్నాం, ఒక రాత్రి భోజనంతో, రెండు రాత్రులు లేకుండా. మెయిల్‌లో ఏం రాయాలి? స్కీ బట్టలు ఇక్కడే కొనాలా?

హెచ్ఎస్ఆర్_శ్రీను:
థర్మల్స్, గ్లవ్స్, మేజోళ్లు సర్జాపూర్ రోడ్ డెకాథ్లాన్‌లో కొనేయండి, జాకెట్, ప్యాంటు, బూట్లు, స్కీలు అక్కడ అద్దెకి దొరుకుతాయి, బాబు సైజు వచ్చే ఏడాదికి ఎలాగూ మారిపోతుంది. పెద్ద సూట్‌కేసులు టోక్యో హోటల్ నుంచే తక్యూబిన్ అనే లగేజీ కొరియర్‌లో ర్యోకాన్‌కి పంపేయండి, మరుసటి రోజో ఆ తర్వాతి రోజో అందుతాయి, మంచు పడుతుంటే ఇంకో రోజు చేతిలో ఉంచుకోండి.

మెయిల్‌లో "వెజిటేరియన్" అని వదిలేయకండి. ఒకరు మాంసం, చేప, గుడ్డు, చేప దాషి తినరు, పాలు పెరుగు తింటారు అని విడివిడిగా రాయండి. భోజనానికి బల్ల, కుర్చీ కావాలని, మంచాలున్న గది ఉందా అని, లిఫ్ట్ ఉందా అని, చిన్న పచ్చబొట్టు ఉంటే ఫర్వాలేదా అని అడగండి. ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు రాసి కింద జపనీస్ అనువాదం పెట్టండి. చేస్తామని స్పష్టంగా వస్తేనే డబ్బు కట్టండి, "కష్టం" అని జవాబొస్తే అది కాదన్నట్టే, ఇంకో చోట చూసుకోవడమే. దగ్గరికొచ్చాక రద్దు చేస్తే డబ్బులో చాలా భాగం పోతుంది, ఆ షరతులు కూడా ఒకసారి చూడండి.