చైన్‌సా గొలుసుకు సాన పడతామా, కక్కు పెడతామా?

సిరొంచ నుంచి రాస్తున్నాను. మా బామ్మర్ది చైన్‌సాలు (మోటారుతో గొలుసు తిరిగి కట్టె కోసే రంపాలు) బాగుచేస్తాడు. మొన్న ఒక కుర్రాడు మిషన్ తెచ్చి “అన్నా, చైన్‌కు ధార్ పెట్టాలె” అన్నాడు. ప్రాణహితకు ఈ పక్కన మరాఠీ మాట కలవడం మామూలే. బామ్మర్ది మాత్రం నా వైపు తిరిగి “తెలుగు గ్రూపులో ఉంటవు కదా బావా, దీన్ని మన భాషల ఏమంటరు?” అన్నాడు. వెంటనే చెప్పలేకపోయాను.

తర్వాత కూర్చొని చూశాను. నూరడం అంటే రాయి మీద కత్తిని ఆడించడం. ఇక్కడ గొలుసు బార్ (అది తిరిగే ఇనుప పట్టీ) మీదే బిగించి ఉంటుంది, చేతిలోని పనిముట్టు కదులుతుంది. సాన పట్టడం అనగానే నాకు తిరిగే చక్రం, నిప్పురవ్వలు గుర్తొస్తాయి. చక్రం దగ్గర తొందరపడితే పన్ను వేడెక్కి నీలంగా మారుతుంది, ఉక్కు మెత్తబడుతుంది. అందుకే బామ్మర్ది చేత్తోనే చేస్తాడు. కక్కు పెట్టడం కొడవలి మాట. అరిగిపోయిన కొడవలికి కమ్మరి ఉలితో కొత్తగా పళ్లు తీస్తాడు. గొలుసుకు పళ్లు ముందే ఉన్నాయి.

కాబట్టి ‘ఆకురాయి పట్టడం’ అనాలని నా వాదన. పేరులో రాయి ఉన్నా అది గరుకు గీతలున్న ఉక్కు కడ్డీయే. ఇక్కడి షాపులో ‘గోల్ కానస’ అని మరాఠీలో (గుండ్రటి ఆకురాయి) అంటే తప్ప తీసివ్వరు, అది వేరే సంగతి. గొలుసు పిచ్ (లంకెల మధ్య కొలత) 0.325 అంగుళాలైతే 4.8 మి.మీ. గుండ్రటిది వాడతారు. పన్ను లోపలి నుంచి బయటికి, ఎక్కువ గొలుసులకు 30 డిగ్రీల వాలులో తోయాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తాలి, ఎందుకంటే ఆకురాయి ముందుకు పోతేనే కోస్తుంది. రెండు వైపులా పళ్ల పొడవు సమానంగా ఉండాలి, లేకపోతే కోత ఒక పక్కకు గుంజుతుంది. బామ్మర్ది అన్నిటికంటే పొట్టి పన్నుతో మొదలుపెట్టి, మిగతావాటిని దాని పొడవుకు తెస్తాడు.

కిన్వట్ నుంచి: అన్నా, కక్కును అంత తేలిగ్గా తీసేయకండి. నిఘంటువుల్లో రంపం పన్నునూ కక్కు అనే రాశారు. చైన్‌సా రంపమే కదా?

సిరొంచ నుంచి: రంపమే తమ్ముడూ, కానీ దాని పన్ను రంపం పన్నులా ఉండదు, చిత్రిక పట్టే రందాలా ఉంటుంది. కట్టెను గీకకుండా పెచ్చులుగా లేపుతుంది. అమెరికాలో జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అనే ఆయన, మొద్దును తొలిచే పురుగు దవడలను చూసి ఈ ఆకారం పట్టుకున్నాడు. 1947లో ఆ గొలుసు అమ్మకానికి వచ్చింది. పన్ను ముందు ఒక పొట్టి గుబ్బ ఉంటుంది, ఎంత మందం పెచ్చు లేపాలో అదే తేలుస్తుంది. అది పన్ను కంటే సుమారు 0.65 మి.మీ. కిందికి ఉండాలి. పెంకి కుర్రాళ్లు దాన్ని ఇంకా అరగదీస్తారు. అప్పుడు మిషన్ ఎగిరి మీదికొస్తుంది.

ధర్మాబాద్ నుంచి: ఇంత చర్చ చేసి ‘పదును’ను వదిలేశారేమిటి సార్? మా నాన్న వాన పడ్డాక పిడికెడు మట్టి నలిపి చూసి “పదునుంది, నాగలి కట్టు” అనేవాడు. చేను పదును తేమ, కత్తి పదును వాడి. రెండింటిలోనూ, పనికి సరిగ్గా తయారై ఉండటమే ఉంది. పదును పెట్టడం అంటే చాలదా?

కిన్వట్ నుంచి: ధారకూ రెండు అర్థాలున్నాయి సార్. నీళ్ల ధార, కత్తి ధార. అంచు గురించిన రెండు మాటల్లోనూ నీళ్లున్నాయి, చిత్రంగా లేదూ?

సిరొంచ నుంచి: చిత్రంగానే ఉంది. పదును అన్నది ఫలితం, ఆకురాయి పట్టడం పని. నేనడిగింది పని పేరు. అయినా పెద్దాయన మాట బామ్మర్దికి చదివి వినిపించాను. “పొడి రాలితే మొద్దుబారినట్టు, పేళ్లు రాలితే పదునున్నట్టు. గా సారుకు తెలుసు” అన్నాడు.

ఇంతకీ, కొట్టు బోర్డు మీద ‘ఇచ్చట ఆకురాయి పట్టబడును’ అని రాయిద్దామన్నాను. “ధార్ అనే రాయించు బావా, గిరాకీ పోతది” అన్నాడు.