ఓవర్‌రెవ్ రిపోర్ట్‌లో నాలుగో రేంజ్ పడిన 911 కొనొచ్చా, వదిలేయాలా?

ప్లేనో_పాదచారి

అందరికీ నమస్కారం. 2017 మోడల్ పోర్షే 911 కారెరా ఎస్ ఒకటి నచ్చింది. మాన్యువల్, 41,000 మైళ్లు, ఇద్దరు ఓనర్ల చేతులు మారింది. అమ్ముతున్నది పోర్షే డీలరు కాదు, వేరే బ్రాండ్ షోరూమ్. ట్రేడ్-ఇన్‌లో వచ్చిందట. కొనేముందు ఇన్‌స్పెక్షన్ కోసం ఒక పోర్షే సర్వీస్ సెంటర్‌కి పంపించాను. బాడీ, బ్రేకులు, టైర్లు అన్నీ శుభ్రం. చివరి పేజీలో ఓవర్‌రెవ్ లెక్క ఉంది, అంటే ఇంజిన్ హద్దు మించి ఎంత తిరిగిందో (రేంజ్ అంకె పెరిగేకొద్దీ వేగం ఎక్కువ):

రేంజ్ 1: 4,212
రేంజ్ 2: 655
రేంజ్ 3: 118
రేంజ్ 4: 61, చివరిసారి 212వ గంటలో
రేంజ్ 5, 6: సున్నా
ఇంజిన్ నడిచిన మొత్తం గంటలు: 1,310

"నాలుగులో అంకె ఉంది కాబట్టి మా దగ్గరైతే దీన్ని సర్టిఫై చెయ్యం" అన్నాడు అడ్వైజర్. కంపెనీ ఇచ్చే నాలుగేళ్లు / 50,000 మైళ్ల వారంటీ ఎప్పుడో అయిపోయింది. షోరూమ్ వాళ్లేమో బయటి కంపెనీ వారంటీ ఒకటి కలిపి ఇస్తామంటున్నారు. ధర మాత్రం ఇలాంటి కార్లకి నడుస్తున్న దానికంటే తక్కువే. కొనాలా వద్దా? ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఆ తలనొప్పి వేరే.

ఎడిసన్_ఎక్స్‌హాస్ట్

వదిలెయ్ బ్రో. సర్టిఫై చెయ్యమని పోర్షే వాళ్లే చెప్పాక ఇంకా చర్చ ఏముంది? ఇన్ని 911లు అమ్మకానికుంటే మచ్చ ఉన్నదే ఎందుకు?

గుంటూరు_గేర్‌బాక్స్

ఎక్స్‌హాస్ట్ గారూ, 61 అంటే 61 సార్లు తప్పు చేశారని కాదండి. ముందు ఆ అంకె ఏంటో చూద్దాం.

ఈ కారు కంప్యూటర్ లెక్కపెట్టేది ఇగ్నిషన్లని, అంటే సిలిండర్లలో ఇంధనం అంటుకున్న సార్లని. ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) ఒక్క చుట్టు తిరిగితే మూడు. 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర సెకనుకి 400. అంటే మీ నాలుగో రేంజ్‌లో ఉన్న 61 మొత్తం కలిపినా సెకనులో ఆరో వంతు కూడా లేదు, క్రాంక్ ఓ ఇరవై చుట్లు తిరిగింది, అంతే. మొదటి రేంజ్‌లో ఉన్న నాలుగు వేల చిల్లర చూస్తే గుండె గుభేల్‌మంటుంది గానీ, అది కారు జీవితం మొత్తంలో కలిపి పదకొండు సెకన్లు. ఎవరో లిమిటర్ (ఇంజిన్ వేగానికి కంప్యూటర్ పెట్టే హద్దు) దాకా లాగి గేర్ మార్చారు. ఆ కారు చేసింది అందుకే కదా.

కింది రేంజ్‌లకీ పై రేంజ్‌లకీ కారణాలే వేరు. యాక్సిలరేటర్ తొక్కి ఎంత లాగినా లిమిటర్ ఇంధనం ఆపేస్తుంది, ఇంజిన్ పెద్దగా దాటి పోదు. పై రేంజ్‌లు పడాలంటే చక్రాలే ఇంజిన్‌ని తిప్పాలి. ఐదులో 5,000 మీద పోతూ నాలుగుకి బదులు రెండులో వేశారనుకోండి, క్లచ్ వదలగానే ఇంజిన్ ఇంచుమించు రెట్టింపు తిరుగుతుంది. అప్పుడు ఏ కంప్యూటరూ ఆపలేదు. అదే పీడీకే (పోర్షే ఆటోమేటిక్) గేర్‌బాక్స్ అయితే అలాంటి డౌన్‌షిఫ్ట్ అడిగినా ఒప్పుకోదు. అందుకే పీడీకే కారులో పై రేంజ్‌లు కనిపిస్తే నేను ఇంకా ఎక్కువ అనుమానిస్తాను.

ఇక గంటల సంగతి. 41,000 మైళ్లని 1,310 గంటలతో భాగిస్తే గంటకి 31 మైళ్లు. ఊళ్లో, హైవేలో కలిపి తిరిగే కారుకి సరిపోయే సగటే. మీటరు వెనక్కి తిప్పినట్టుగానీ, కంప్యూటర్ మార్చినట్టుగానీ లేదు. ఆ లెక్కన 212వ గంట అంటే దాదాపు 6,600 మైళ్ల దగ్గర. మొదటి ఓనరు కొత్త మోజులో చేసిన పని అయ్యుంటుంది. ఆ తర్వాత అదే ఇంజిన్ 1,100 గంటలు నడిచింది. వాల్వ్ వంగిన ఇంజిన్ అంతకాలం నోరు మూసుకుని నడవదండి.

నేనైతే లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లలోంచి గాలి ఎంత కారుతోందో చూసే పరీక్ష) చేయించి, బాగుంటే కొంటాను.

ఓరుగల్లు_ఆయిల్

గేర్‌బాక్స్ అన్నా, లెక్క మంచిగ చెప్పినవ్. కానీ ఆఖరి మాట గంత ఈజీ కాదు.

వాల్వ్ సంగతి నువ్వన్నదే. స్పీడు మించితే స్ప్రింగు వాల్వ్‌ని టైముకు మూయలేదు, పైకొచ్చే పిస్టన్ దానికి తగుల్తది. తగిలితే అప్పుడే తెలుస్తది, లేదంటే లీక్‌డౌన్‌ల దొరుకుతది. మరి పిస్టన్‌ని క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టుల సంగతేంది? స్పీడు రెట్టింపైతే వాటి మీద గుంజుడు నాలుగింతలైతది. సాగిన బోల్టు లీక్‌డౌన్‌ల కనపడదు, కంప్రెషన్ టెస్ట్‌ల కనపడదు. 1,100 గంటలు పట్టుకున్నది నిజమే, 1,101వ గంటకు గ్యారంటీ ఎవరిస్తరు?

పోర్షేకే ఈ బోల్టులు ఏం చేసినయో యాదికి తెచ్చుకోండ్రి. 2014ల కొత్త జీటీ3లకు (911ల రేసు తరహా మోడల్) మంటలంటుకున్నయి. రాడ్ బోల్టులు వదులైతున్నయని తేలినంక అప్పటిదాంక ఇచ్చిన 785 కార్లకూ ఇంజిన్లు మార్చిచ్చిన్రు.

గుంటూరు_గేర్‌బాక్స్

ఆయిల్ గారూ, ఆ జీటీ3 ఉదాహరణ నా వైపుకే వస్తుందండి. అవి పీడీకే మాత్రమే ఉన్న కార్లు, తప్పు గేర్ పడే అవకాశమే లేదు. లోపం తయారీలోది. తర్వాత అదే తరం జీటీ3ల్లో వాల్వ్ ట్రైన్ (వాల్వ్‌లని కదిలించే భాగాలు) గొడవలొస్తే ఇంజిన్ వారంటీ పదేళ్లు / 120,000 మైళ్లకి పెంచారు. ఓవర్‌రెవ్ పేజీ నిండా సున్నాలున్న ఇంజిన్ కూడా పోవచ్చని కదా దాని అర్థం.

ఓరుగల్లు_ఆయిల్

సున్నా ఉంటే పోదని నేను అనలే. తెలిసిన రిస్కు మీద తెలియని రిస్కు ఎందుకు నెత్తిన పెట్టుకోవాలె అంటున్న. అది 9,000 తిరిగెటందుకు కట్టిన ఇంజిన్, ఇది 7,500కు కట్టింది.

క్లచ్_కాకినాడ

మీరిద్దరూ ఇంజిన్ విప్పేసి కూర్చున్నారు గానీ, పాదచారి గారి అసలు బెంగ వారంటీ. అక్కడ మూడు వేర్వేరు విషయాల్ని అందరూ కలగాపులగం చేసేస్తున్నారండి.

సర్టిఫికేషన్ అంటే కంపెనీ ముందుగానే "మేం పూచీ ఉంటాం" అనడం. అమెరికాలో పోర్షే సర్టిఫైడ్ కారుకి రెండేళ్లు, మైళ్లతో పని లేకుండా వస్తుంది. 111 పాయింట్ల తనిఖీ ఉంటుంది. ఇంజిన్ రికార్డు నచ్చకపోతే ఇవ్వం అనే హక్కు వాళ్లకుంది. ఇవ్వలేదంటే ఇంజిన్ పాడైందని తేల్చినట్టు కాదు, తర్వాత వచ్చే బిల్లు మోయడం ఇష్టం లేదు, అంతే.

రెండోది, ఉన్న వారంటీలో క్లెయిమ్ కొట్టెయ్యడం. రేంజ్ ఆరు ఉన్నంత మాత్రాన మొత్తం వారంటీ రద్దయిపోదు. దుర్వినియోగం వల్ల వచ్చిన నష్టాన్ని ఒప్పుకోరు, నిజమే. అలాగని ఏసీ కంప్రెసర్ పోతే ఓవర్‌రెవ్ పేజీ చూపించి వెళ్లగొడితే చెల్లదు. గొడవ ముదిరితే 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం కింద కోర్టుకెళ్లే దారీ ఉంది. అయితే మీకు కంపెనీ వారంటీయే లేదు కాబట్టి ఇది మీకు అక్కరకు రాదు.

మీకు వర్తించేది మూడోది, ఆ బయటి వారంటీ. సంతకం పెట్టేముందు మినహాయింపుల పేజీ తెరవండి. "కొనేనాటికే ఉన్న లోపం" అన్న మాట దాదాపు ప్రతి కాంట్రాక్టులోనూ ఉంటుంది. రేపు ఇంజిన్ పోతే వాళ్ల ఇన్‌స్పెక్టర్ చేసే మొదటి పని కంప్యూటర్ చదవడం. 61 కనిపిస్తుంది, తేదీ మీరు కొనక ముందుది. క్లెయిమ్ గోవిందా. మా బంధువొకాయనకి వేరే కారు విషయంలో అచ్చంగా ఇదే జరిగింది. కట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరు.

ఇంకోటి, డీలరు కారు అద్దానికి బయర్స్ గైడ్ (వారంటీ ఉందో లేదో చెప్పే కాగితం) అంటించాలి, ఫెడరల్ రూలు. అందులో "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టుగా, వారంటీ లేకుండా) గడి టిక్ చేసి ఉందా? మీ టెక్సాస్‌లో అలా అమ్మొచ్చు. మసాచుసెట్స్ లాంటి చోట్ల డీలరుకి ఆ వీలు లేదు. టిక్ ఉంటే షోరూమ్ వాళ్లు నోటితో చెప్పినవన్నీ గాలి మాటలే.

నెకర్_గట్టు

ష్టుట్‌గార్ట్ పక్కనుంచి రాస్తున్నాను. ఇక్కడ వ్యాపారి మామూలు వినియోగదారుడికి పాత కారు అమ్మితే బాధ్యత పూర్తిగా దులుపుకోలేడు, ఏడాదికి తగ్గించగలడు అంతే. 2022 నుంచి మొదటి ఏడాదిలో లోపం బయటపడితే అది అమ్మిననాటికే ఉందని చట్టం అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది వ్యాపారే. అందుకే ఇక్కడి డీలర్లు ఓవర్‌రెవ్ పేజీ ముందే తీసి, బాలేకపోతే కారుని ఇంకో వ్యాపారికి తోసేస్తారు. చట్టం కొనేవాడి పక్షాన ఉన్నచోట ఆ కాగితానికి విలువ ఎక్కువ. అమెరికాలో మీ డబ్బుతో మీరు తీయించుకోవాల్సి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

ఎడిసన్_ఎక్స్‌హాస్ట్

ఇన్ని పేజీలు చదివాక కూడా నా మాట అదే. నువ్వు అమ్మేటప్పుడు నీ దగ్గర కొనేవాడు కూడా ఇదే రిపోర్ట్ అడుగుతాడు. ఆ 61 చెరగదు. అప్పుడు ఇగ్నిషన్ లెక్కలు వాడికి నువ్వు చెప్పాలి.

గుంటూరు_గేర్‌బాక్స్

అది ఒప్పుకుంటాను. అందుకే ధర తగ్గాలి, "కొంచెం తక్కువ" సరిపోదు. సర్టిఫైడ్ కారుకీ దీనికీ మధ్య తేడా కనీసం రెండేళ్ల పూచీ విలువ అంతన్నా ఉండాలి.

ప్లేనో_పాదచారి

అందరికీ థాంక్స్. బయర్స్ గైడ్ ఫొటో ఉంది, చూశాను. "యాజ్ ఈజ్" టిక్ ఉంది. బయటి వారంటీ ఊసు మానేశాను, ఆ డబ్బు ధరలో తగ్గించమని అడిగాను. ఆలోచిస్తామన్నారు. లీక్‌డౌన్ చేస్తే సరిగ్గా ఏం చూడాలి?

గుంటూరు_గేర్‌బాక్స్

పిస్టన్‌ని పైకి తెచ్చి ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కిస్తారు, ఎంత కారుతోందో శాతంలో వస్తుంది. శాతంతో పాటు బుస్‌మనే చప్పుడు ఎటునుంచి వస్తోందో రాయమనండి. సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఇన్‌టేక్‌లో అయితే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు. ఆరింటిలో ఒకటి మిగతావాటికి భిన్నంగా ఉంటే వదిలెయ్యండి. వెనక ఇరుకులో ఉన్న ఇంజిన్, ప్లగ్‌లు తియ్యడానికే బోలెడు లేబర్ అవుతుంది, కాబట్టి ఎలాగూ తీశారు గనక బోర్‌స్కోప్ (గొట్టం లాంటి చిన్న కెమెరా) పెట్టి పిస్టన్ల మీద వాల్వ్ తగిలిన గుర్తులున్నాయేమో ఫొటోలు తీయించండి.

ఓరుగల్లు_ఆయిల్

ఆయిల్ ఫిల్టర్ కోయించి మడతల్ల మెరిసే లోహం ఉందా చూడమను అన్నా. ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కు పంపు. బేరింగుల ముచ్చట గది చెప్తది, లీక్‌డౌన్ చెప్పదు. నేనైతే అయినా కొనను.

క్లచ్_కాకినాడ

ఆ అడ్వైజర్ "సర్టిఫై చెయ్యం" అన్నది నోటి మాటేనా, రాసిచ్చాడా? ఇంకో పోర్షే డీలరుకి అదే రిపోర్ట్ పంపి అడగండి. నాలుగో రేంజ్ విషయంలో అందరూ ఒకేలా చెప్పరు. వాళ్లు "మేం కొని, సర్టిఫై చేసి అమ్ముతాం" అంటే మాత్రం బేరం ఆ షోరూమ్‌తో కాదు, వీళ్లతో ఆడండి.