ఆక్లాండ్ ప్రయాణం: హవాయి చెప్పులు తెచ్చుకోవచ్చా?

అమలాపురం నుంచి:
అందరికీ నమస్తే అండి. జనవరి నెలాఖరుకి చదువు కోసం న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వస్తున్నానండి. అప్పుడక్కడ ఎండాకాలమట. జాండల్స్ ఉంటే చాలని ఒక సీనియర్ మెసేజ్ పెట్టారు. అవేంటండి? అమ్మ రెండు జతల హవాయి చెప్పులు సర్దేసింది.

ఆక్లాండ్ నుంచి:
తమ్ముడూ, మాది పాలకొల్లు దగ్గర. మీ అమ్మగారు సర్దినవే జాండల్స్! జపనీస్, శాండల్స్ కలిపి కట్టిన పేరది. 1957లో మోరిస్ యాక్ అనే ఇక్కడి వ్యాపారి ట్రేడ్‌మార్కు చేయించారు. ఇప్పుడు ఏ కంపెనీవైనా జనం జాండల్సే అంటారు. షాపులో స్లిప్పర్స్ అని మాత్రం అడక్కు. వచ్చిన వారంలోనే నేనలా అడిగితే, చలికాలంలో ఇంట్లో తొడుక్కునే బొచ్చు జోళ్ళు తెచ్చి చూపించారు. చివరికి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య వేలు పెట్టి చూపిస్తే గానీ వాళ్ళకి అర్థం కాలేదు.

పేరు కంటే ముఖ్యం, మట్టి. మన ఒండ్రు సంగతి తెలుసుగా, కాలవగట్టు మీద ఒక్కసారి నడిస్తే అడుగున గాడుల్లో దిగి బిగుసుకుపోతుంది. ఆ మట్టితో విత్తనాలూ తెగుళ్ళూ వస్తాయని ఇక్కడ ఎయిర్‌పోర్టులో చాలా గట్టిగా చూస్తారు. పాడీ పంటా నమ్ముకున్న దేశం, వాళ్ళ భయం న్యాయమే. రాత్రంతా బకెట్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో గాడులన్నీ తోము. చెప్పు వారు (పట్టీ) దూరిన కన్నం దగ్గర, బొడిపె చుట్టూ పిన్నీసు మొనతో తీయి. బాగా ఎండాక విడిగా కవర్లో పెట్టు. ఏ మాత్రం అనుమానమున్నా, ఏం తెస్తున్నామో చెప్పే డిక్లరేషన్‌లో రాసెయ్. దాచి దొరికితే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా.

హోటల్ కిచెన్‌లో పార్ట్‌టైమ్ చేస్తే ఇవి పనికిరావు, కాలంతా మూసే బూట్లు కావాలి. ఇక్కడి మూలవాసులైన మావోరీల సభామందిరంలోకి వెళితే మాత్రం మన గుడిలో లాగే, చెప్పులు గుమ్మం బయటే.

సిడ్నీ నుంచి:
బాబూ, ఎప్పుడైనా ఇటొస్తే ఇక్కడ వీటి పేరు థాంగ్స్. చిన్నా పెద్దా అందరూ అనే మాటే. అమెరికాలో ఉన్న చుట్టాలతో మాత్రం ఆ మాట వాడకు, అక్కడది లోదుస్తు. ఫ్లిప్‌ఫ్లాప్స్ అను. దక్షిణాఫ్రికాలో స్లాప్స్. పోలండ్ వాళ్ళు జపాన్ పేరు తగిలించి యపోంకి అంటే, రష్యావాళ్ళు వియత్నాం పేరుతో వియెత్నాంకి అంటారు. మనం హవాయి చెప్పులంటామా, ఆ హవాయిలో వాళ్ళు మనలాగే స్లిప్పర్స్ అంటారు!

నాకు బాగా నచ్చినవి బ్రెజిల్ వాళ్ళ హవాయియానస్. జపాన్ వరిగడ్డి చెప్పు జోరీని చూసి 1962లో మొదలుపెట్టారు. అందుకే అరికాలు ఆనే చోట బియ్యపు గింజల అచ్చు ఉంటుంది. మొదటిసారి వేలితో తడిమినప్పుడు మా భీమవరం చేలు గుర్తొచ్చాయి.

అమలాపురం నుంచి:
చాలా థాంక్సండి. అమ్మ ఇప్పుడే బకెట్‌లో నానేసింది. ఒక జతకి వారు వదులైంది, పారేసి కొత్తవి కొననా?

ఆక్లాండ్ నుంచి:
పారెయ్యకు. మన బజార్లో వార్లు విడిగా అమ్ముతారుగా, రెండు జతలు కొని సూట్‌కేస్‌లో పడెయ్. ఇక్కడ వీధి చివర చెప్పులు కుట్టేవాళ్ళు ఉండరు.