వానాకాలం బట్టల ముక్క వాసనకి వెనిగర్ వాడొచ్చా?

కాకినాడ కోడలు:

అందరికీ నమస్కారం. శ్రావణం వచ్చిందంటే మా ఇంట్లో బట్టల టెన్షన్ మొదలవుతుంది. బాల్కనీలో దండెం మీద రెండేసి రోజులు ఉంచినా ప్యాంట్ల నడుము పట్టీలు, తువ్వాళ్ల అంచులు చెమ్మగానే ఉంటాయి. ఆరాయిలే అని మడతపెడితే, బీరువా తలుపు తీయగానే ముక్క వాసన. మావారి ఆఫీసు చొక్కాలది ఇంకో తంటా. ఉతికి ఆరేసినప్పుడు ఏ వాసనా ఉండదు, ఇస్త్రీపెట్టె తగిలిందో లేదో చంకల దగ్గర చెమట వాసన గుప్పుమంటుంది. బాబుకి రెండో ఏడు, రాత్రిళ్లు పక్క తడుపుతాడు. ఇక దుప్పట్ల సంగతి చెప్పక్కర్లేదు.

పక్కింటి పిన్నిగారు వెనిగర్ వేసి చూడమన్నారు. నూడుల్స్ కోసం కొన్న తెల్ల వెనిగర్ ఉంది. ఎంత వేయాలి? సబ్బుపొడితో కలిపి వేయాలా, విడిగానా? రంగులు పోతాయా? బాబు ఒంటికి పడుతుందా? పాప తెల్ల యూనిఫాంకి బ్లీచ్ వాడతాను. రెండూ కలిపి వేస్తే మరకా వాసనా ఒకేసారి పోతాయని ఒక వీడియోలో చెప్పారు, నిజమేనా? ఇంకొకటి, పేరంటంలో నా ఉప్పాడ చీర మీద పసుపు పడింది. దానికి కూడా ఇది పనిచేస్తుందా?

గోదారి గట్టు:

అక్కా, మా ఇంట్లో సబ్బుపొడి, వంటసోడా, వెనిగర్ మూడూ కలిపి బకెట్లో వేస్తాం. బుస్సుమని పొంగుతుంది. ఆ పొంగుకే మురికంతా పైకి వచ్చేస్తుంది. వేసి చూడండి.

రేవు బాబాయి:

అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ఆ వీడియో సంగతి. బ్లీచ్, వెనిగర్ ఎప్పుడూ కలపొద్దు. బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్. దానికి ఏ పులుపు తగిలినా క్లోరిన్ గ్యాస్ బయటికొస్తుంది. వెనిగరే కాదు, నిమ్మరసమైనా, బాత్రూం కడిగే యాసిడ్ అయినా అంతే. తలుపు మూసిన చిన్న బాత్రూంలో ఆ గాలి పీలిస్తే కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది, ఊపిరి ఆడదు. పొరపాటున కలిసిపోతే బకెట్ ఎత్తి పారబోద్దామని అక్కడే నిలబడకండి. పిల్లల్ని తీసుకుని వెంటనే బయటికొచ్చేయండి. దగ్గు తగ్గకపోతే, ఆయాసం వస్తే ఆస్పత్రికి వెళ్లాలి. యూనిఫాంకి బ్లీచ్ వేసిన రోజు వెనిగర్ సీసా జోలికే వెళ్లకండి. బాబు తడిపిన దుప్పటిని కూడా జాడించకుండా బ్లీచ్‌లో పడేయొద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిసినా చెడ్డ గాలే వస్తుంది.

విశాఖలో మాది లాండ్రీ, నాన్నగారి కాలం నుంచీ ఇదే పని. సముద్రపు గాలికి ఇక్కడ వానాకాలం బట్ట ఆరడం ఎంత కష్టమో రోజూ చూస్తూనే ఉంటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వెనిగర్‌ని సబ్బుతో కలపకూడదు. సబ్బుపొడిది క్షార గుణం, వెనిగర్‌ది ఆమ్ల గుణం. ఒకేసారి వేస్తే ఒకదాని బలాన్ని ఇంకొకటి తినేస్తుంది. గోదారి గట్టు తమ్ముడూ, మీ బకెట్లో జరిగేదీ అదే. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్. అది పోయాక మిగిలేది సోడియం ఎసిటేట్ అనే ఒక ఉప్పు కలిసిన నీళ్లు. వాటికి మురికిని వదిలించే శక్తి పెద్దగా ఉండదు. సోడా వాడదల్చుకుంటే ఉతుకులో వేయండి, వెనిగర్ ఆఖరి జాడింపులో వేయండి. విడివిడిగా రెండూ మంచివే.

చేత్తో ఉతికితే ఆఖరిసారి జాడించే బకెట్ నీళ్లలో అర టీగ్లాసు పోయండి. ఐదు పది నిమిషాలు ఉంచి పిండేయండి. మెషీన్ అయితే సాఫ్ట్‌నర్ పోసే గడిలో ఒక టీగ్లాసు, ఆ రోజు సాఫ్ట్‌నర్ వద్దు. వెనిగర్ వాసన గురించి బెంగ పడకండి, బట్ట ఆరేలోపే పోతుంది. బాగా జాడించి ఆరేశాక బాబు బట్టల్లో ఏమీ మిగలదు. చర్మం మరీ సున్నితమైతే ఇంకోసారి మంచినీళ్లలో తీయండి. సీసా మీద 4 శాతమో 5 శాతమో ఉన్న తెల్లదే వాడండి. కెమికల్ షాపుల్లో అమ్మే గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్ చౌకగా వస్తుందని తేవొద్దు. అది దాదాపు నూటికి నూరు పాళ్లు ఆమ్లం, చెయ్యి కాలుతుంది.

చొక్కాల చంకల్లో పేరుకునేది ఒక్క చెమటే కాదు. ఒంటి జిడ్డు, డియోడరెంట్ పొర, వాటి మీద పెరిగే బాక్టీరియా కూడా ఉంటాయి. పాలిస్టర్ కలిసిన గుడ్డ ఆ జిడ్డుని నూలు కంటే గట్టిగా పట్టుకుంటుంది. వేడి తగలగానే అందులోని వాసన బయటపడుతుంది. చొక్కాని లోపలివైపుకి తిప్పి, చంక దగ్గర వేలితో రాసి చూడండి. గుడ్డ అక్కడ బిరుసుగా, మైనం పూసినట్టు తగులుతుంది. ఒక పాలు వెనిగర్‌కి నాలుగు పాళ్లు నీళ్లు కలిపి ఆ భాగాన్నే అరగంట నానబెట్టండి. మంచినీళ్లతో తీసేసి, అప్పుడు గోరువెచ్చని నీళ్లలో సబ్బు పెట్టి మెత్తని బ్రష్‌తో రుద్దండి. పాత చొక్కాలకి రెండు మూడు ఉతుకులు పట్టొచ్చు. ముత్యపు చిప్ప గుండీలు ఉంటే మాత్రం నానబెట్టొద్దు, ఆమ్లానికి అవి మెరుపు పోతాయి.

ఇక ముక్క వాసన. వెనిగర్ దాన్ని తగ్గిస్తుంది, కానీ పూర్తిగా మాన్పదు. గుడ్డ ఎక్కువసేపు తడిగా ఉండటం వల్ల వచ్చే వాసన అది. నూలు తువ్వాళ్లు, దుప్పట్లు 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి. ఉతుకు అయిన బట్టల్ని మెషీన్లో వదిలేసి నిద్రపోవద్దు. ప్యాంట్లు తిరగేసి, జేబులు బయటికి లాగి, బట్టకీ బట్టకీ బెత్తెడు సందు ఉండేలా ఫ్యాన్ కింద వేయండి. నడుము పట్టీని చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, మడత పెట్టొద్దు.

పసుపుకి వెనిగర్ మందు కాదు. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది, వెనిగర్ తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. రంగు మారుతుందే తప్ప మరక పోదు. నూలు బట్టయితే సబ్బుతో ఉతికి ఎండలో వేయడమే మార్గం, పసుపు రంగుని ఎండే విరగ్గొడుతుంది. మీ ఉప్పాడ పట్టుకి మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దమ్మా. జరీలో రాగి ఉంటే ఆమ్లానికి నల్లబడొచ్చు, ఎండలో ఉంచితే పట్టు రంగు వెలుస్తుంది. తడపకుండా, రుద్దకుండా మంచి డ్రైక్లీనర్‌కి ఇవ్వండి. అది పసుపు మరక అనీ, ఎప్పుడు పడిందనీ విడమరిచి చెప్పండి. చెప్పకుండా ఇస్తే మామూలు నూనె మరక అనుకుని మొదలుపెడతారు.

డాలస్ వదిన:

బాబాయిగారూ, చాలా ఉపయోగపడే మాటలు. అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక్క ముక్క. ఇక్కడ షాపుల్లో వంట వెనిగర్ పక్కనే 6 శాతం క్లీనింగ్ వెనిగర్ ఉంటుంది. కలుపు మొక్కలకి కొట్టే 30 శాతంది కూడా దొరుకుతుంది. గ్యాలన్ డబ్బాలు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, శాతం చదివి కొనండి. ఒక సందేహం. ఫ్రంట్ లోడ్ మెషీన్లో వెనిగర్ వాడితే తలుపు చుట్టూ ఉండే రబ్బరు పాడవుతుందంటారు, నిజమేనా?

కాకినాడ కోడలు:

బాబాయిగారూ, బ్లీచ్ మాట చదవగానే ఆ వీడియో పంపిన మా గ్రూపులో అందరికీ చెప్పేశాను. చీర రేపే డ్రైక్లీనింగ్‌కి ఇస్తాను. ఇంకో రెండు అడగనా? కొత్త మంగళగిరి చీరకి రంగు దిగకుండా వెనిగర్లో నానబెట్టమంటారు, పనిచేస్తుందా? బాబు దుప్పట్లకి ఏది ముందు చేయాలి?

రేవు బాబాయి:

డాలస్ వదినగారూ, రోజూ పోస్తే కొన్ని రకాల రబ్బరు పాడయ్యే అవకాశం ఉంది. కొన్ని కంపెనీలు తమ పుస్తకంలోనే వెనిగర్ వద్దని రాస్తాయి, మీ మెషీన్‌ది చూసుకోండి. వాసన పట్టిన బట్టలున్న రోజే వాడితే చాలు. అంతకంటే, ఉతుకు అవగానే ఆ రబ్బరు మడతలో నిలిచిన నీళ్లు పొడి గుడ్డతో తుడిచి, తలుపు కాస్త తెరిచి ఉంచండి. మెషీన్‌కే వాసన పడితే బట్టలకి ఎన్ని పోసినా లాభం ఉండదు.

కోడలమ్మా, ఇప్పటి నూలు రంగులు వెనిగర్‌తో పట్టవు. మంగళగిరి చీరని మొదటి రెండు మూడు సార్లు చన్నీళ్లలో, విడిగా, నానబెట్టకుండా ఉతికి నీడలో ఆరేయండి. దిగాల్సిన రంగు ఆ ఉతుకుల్లోనే దిగిపోతుంది.

బాబు దుప్పట్లు తెల్లారగానే చన్నీళ్లలో జాడించండి, సాయంత్రం దాకా మూలన పెట్టొద్దు. నిలవ ఉన్నకొద్దీ అమ్మోనియా ఘాటు పెరుగుతుంది. అప్పటికే ఘాటెక్కితే బకెట్ నీళ్లలో ఒక టీగ్లాసు వెనిగర్ పోసి అరగంట ఉంచండి, అమ్మోనియాని ఆమ్లం పట్టేస్తుంది. తర్వాత సబ్బుతో మామూలుగా ఉతకండి. పరుపు మీదికి దిగితే మాత్రం పొడి తువ్వాలు అదిమి ముందు తడి లాగేయండి. పరుపు మీద వెనిగర్ కుమ్మరించొద్దు, ఈ వానల్లో అది లోపల ఆరదు.