కార్ల్‌ష్టెయిన్ కోటలో నిజంగా పాతది ఎంత మిగిలింది?

ఉదయగిరి మాస్టారు:
మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి. సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను మా కొండ మీది కోటకు తీసుకువెళ్లేవాడిని. 1514లో శ్రీకృష్ణదేవరాయలు దీన్ని గజపతుల నుంచి గెలిచి, ఇక్కడి బాలకృష్ణుడిని హంపికి తీసుకువెళ్లిన కథ కూలిన గోడ నీడలోనే చెప్పాలన్నది నా పట్టుదల.

జూన్‌లో ప్రాగ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. ఒక్క శనివారమే ఖాళీ. ఆ ఊరికి దగ్గర్లోని కార్ల్‌ష్టెయిన్ కోట చూడాలని నా కోరిక. అక్కడ కనిపించేదంతా పందొమ్మిదో శతాబ్దంలో కట్టినదేనని మా అల్లుడు అంటున్నాడు. ఇంతదూరం వెళ్లి కొత్త గోడలు చూసి రావడం నాకు ఇష్టం లేదు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పి కూడా. వెళ్లమంటారా?

కావలి వాసి, ప్రస్తుతం ప్రాగ్:
తప్పకుండా వెళ్లండి మాస్టారూ. ప్రాగ్ ప్రధాన స్టేషన్ నుంచి రైలులో దాదాపు 40 నిమిషాలు. దిగాక బెరౌంకా నది వంతెన దాటాలి. అక్కడి నుంచి ఊరి వీధి వెంట కోట దాకా ఎక్కుడే, మొత్తం రెండు కిలోమీటర్ల లోపు. అమ్మగారు మెల్లగా, ఆగి ఆగి నడవాలి. లోపలి గదులు గైడ్ వెంటే చూడాలి. కోటలోని హోలీ క్రాస్ ప్రార్థనామందిరం టికెట్ వేరు, కొద్దిమందినే పంపుతారు కాబట్టి ఇప్పుడే బుక్ చేయించండి. అది దొరికిన రోజే మీ శనివారం అనుకోండి.

ఒంగోలు ఆడపడుచు:
మీ అల్లుడిగారి మాటలో నిజముంది. 1887 నుంచి 1899 దాకా జోసెఫ్ మోకర్ అనే వాస్తుశిల్పి దాన్ని బాగుచేయించాడు. ఆ నిటారు కప్పులు, నున్నటి గోడలు ఆయన చేతివే. నాకు మనసు నిండలేదు. క్రివోక్లాట్ కోటకు వెళ్లండి, రద్దీ తక్కువ.

కావలి వాసి:
అక్కా, క్రివోక్లాట్‌లోనూ పనిచేసింది ఆ మోకరే. పైకప్పు చూసి కార్ల్‌ష్టెయిన్‌ను తోసిపుచ్చకండి. బొహీమియా రాజు, తర్వాత పవిత్ర రోమన్ చక్రవర్తి అయిన నాలుగో చార్లెస్ 1348లో పునాది వేయించిన కోట ఇది. ప్రాగ్ విశ్వవిద్యాలయం నెలకొల్పిందీ అదే ఏడాది. ప్రార్థనామందిరంలో థియోడోరిక్ అనే చిత్రకారుడి బృందం చెక్క పలకల మీద వేసిన 129 చిత్రాలున్నాయి. అవి పద్నాలుగో శతాబ్దపువే. నేను ఒక సాధువు బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయాను. ముఖం వెడల్పు, కళ్లు బరువు. రంగు పలక మీద ఆగక చట్రం మీదికి పాకింది, మనిషి చట్రం దాటి మనవైపు వస్తున్నట్టు. కింద గోడకు సానబెట్టిన రంగురాళ్లు పొదిగారు, పైన బంగారు పూత. సామ్రాజ్య కిరీటాన్ని దాచింది అక్కడే. ఇప్పుడది వియన్నాలో ఉంది. 1422లో హుస్సైట్లు, అంటే మతసంస్కర్త యాన్ హుస్ అనుచరులు, నెలల తరబడి ముట్టడించినా కోట లొంగలేదు.

ఉదయగిరి మాస్టారు:
ఆ చివరి మాటతోనే నిర్ణయమైపోయింది. మా కోట ముట్టడికి లొంగింది, అది లొంగలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పి ఉంటే మా పిల్లలు ఎంత ఆసక్తిగా వినేవారో! ఒక్క సందేహం. అన్ని నెలల పాటు లోపలివాళ్లకు నీళ్లెక్కడివి?

కావలి వాసి:
కింది ఆవరణలో బావి బురుజు ఉంది. బావి లోతు సుమారు 80 మీటర్లు. నిలువెత్తు చెక్క చక్రంలో మనుషులు నిలబడి నడుస్తూ నీళ్లు తోడేవారు. అది తప్పక చూడండి.

ఉదయగిరి మాస్టారు:
మా ఆవిడ ఇది విని లేచి కూర్చుంది. వాళ్ల నాన్న కపిల తోలిన రైతు. ప్రార్థనామందిరం నాకు, ఆ చక్రం తనకు అని పంచుకున్నాం. టికెట్లు చూడమని అమ్మాయికి ఇప్పుడే ఫోను చేశాను.