వెనుక చక్రం బ్రేకు డ్రమ్ము ఊడి రావడం లేదు

ప్రశ్న: మాది హనుమకొండ. వానకాలమంతా ఇంటి ముందు కదలకుండా నిలిచిన పాత కారుకు వెనుక బ్రేకు షూలు (డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుకొని చక్రాన్ని ఆపే రెక్కలు) మార్చుదామని చక్రం విప్పాను గాని, డ్రమ్ము హబ్బును (చక్రం బిగించే నడిమి భాగాన్ని) పట్టుకొని రావడం లేదు. అంచు మీద సుత్తితో గట్టిగా కొట్టవచ్చునా?

జవాబు 1: కొట్టకండి, పోత ఇనుము కనుక అంచు పగిలే ప్రమాదం ఉంది. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, బండిని జాకీ మీద కాక స్టాండు మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు పూర్తిగా వదిలారో లేదో చూసుకోండి. చాలామంది మరచేది ఇదే. హబ్బు చుట్టూ తుప్పు వదిలించే నూనె వేసి కాసేపు ఆగండి. అనేక డ్రమ్ములకు మర ఉన్న రెండు రంధ్రాలుంటాయి. వాటిలో సరిపోయే బోల్టులు పెట్టి, ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తే డ్రమ్మే బయటికి జరుగుతుంది.

జవాబు 2: పై సలహా సరైనదే. అయితే డ్రమ్ము కొంత కదిలి ఆగిపోతే తప్పు తుప్పుది కాకపోవచ్చు. అరిగిన డ్రమ్ములో మిగిలిన అంచుకు షూలు తగులుతున్నాయన్నమాట. అప్పుడు డ్రమ్ము వెనుక ఉండే ప్లేటుకున్న రబ్బరు మూత తీసి, షూలను డ్రమ్ముకు దగ్గరగా ఉంచే అడ్జస్టరును వదులు చేయాలి. లోపలి దుమ్మును గాలితో ఊదకండి, పాత షూలలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండవచ్చు. బ్రేకు క్లీనరుతో తడిపి తుడవండి. డ్రమ్ము మీద అచ్చు వేసిన గరిష్ఠ వ్యాసాన్ని దాటి అరిగితే కొత్తదే వేయాలి.

జవాబు 3: ఒక వైపు పూర్తయ్యే వరకు రెండవ వైపు విప్పవద్దు, స్ప్రింగుల అమరికకు అదే నమూనా. షూలు మాత్రం రెండు వైపులా మార్చాలి. డ్రమ్ము లేనప్పుడు ఎవరైనా పెడలు నొక్కితే షూలను తోసే వీల్ సిలిండరులోని పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. సిలిండరు రబ్బరు కింద తడి కనిపిస్తే, ఆ సిలిండరును కూడా మార్చవలసిందే.