కాఫీ తోటలో కార్బన్ లెక్క ఎలా కట్టాలి?

నమస్కారం అండీ. మాది పాడేరు దగ్గర కొండవాలు. రెండెకరాల కాఫీ, నీడకి సిల్వర్ ఓక్, వాటికి పాకించిన మిరియాలు, మధ్యలో పాత పనస చెట్లు. ఈ తోట ఎంత కార్బన్ దాచుకుందో తెలుసుకోవాలని ఉంది.

వాలుకి పైవైపు నిలబడి, 1.3 మీటర్ల ఎత్తులో చెట్ల చుట్టుకొలత తీశాను. ఎండు బరువులో దాదాపు 47 శాతం కార్బన్, దాన్ని 3.67తో హెచ్చిస్తే కార్బన్ డయాక్సైడ్. అంతవరకు తెలుసు. చిక్కల్లా చుట్టుకొలత నుంచి బరువు రాబట్టడంలోనే. సిల్వర్ ఓక్‌కి ఏ సూత్రం వాడాలి? కొమ్మలు కత్తిరిస్తూ ఉండే కాఫీ మొక్కకి కూడా అదే పెడితే తప్పు కదా? మట్టి నమూనాకి 30 సెంటీమీటర్ల లోతు సరిపోతుందా?

కలపకి అమ్మేయమని బేరగాళ్లు వస్తున్నారు. నాన్న నాటిన చెట్లండీ, మనసొప్పడం లేదు. ఈ పని చేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.